స్పార్క్స్ వీడియో క్రీడ

స్పార్క్స్ అనేది కుంగుబాటుకు లోనైన కౌమార వయస్కుల కోసం న్యూజీలాండ్ దేశంలోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రూపొందించబడిన కంప్యూటర్ క్రీడ. చూడటానికి ఇది మామూలు సాహస క్రీడవలెనే ఉంటుంది. అయితే ఆడేవారు ఒక్కొక్క ఘట్టాన్ని దాటుతున్నకొద్దీ, మానసిక చికిత్సలో నేర్పే ఒక్కొక్క మెలకువను అభ్యసిస్తారు. వినోదం కాక మరొక ప్రయోజనం ముఖ్యోద్దేశంగా గల ఇటువంటి క్రీడలను సీరియస్ గేమ్స్ అంటారు. మానసిక ఆరోగ్యానికి సంబంధించిన సీరియస్ గేమ్స్‌లో శాస్త్రీయంగా నిశిత పరిశీలనకు గురైనవాటిలో స్పార్క్స్ ఒకటి. బాలల మానసిక వైద్య నిపుణురాలు శాలీ మెర్రీ నాయకత్వంలో జరిగిన పరీక్ష ఫలితాలు 2012లో బి.ఎం.జె. అనే వైద్య పత్రికలో ప్రచురితమయ్యాయి. సలహాదారు ఎదుట కూర్చొని పొందే సహాయానికి ఈ క్రీడ తీసిపోదని ఆ పరీక్షలో తేలింది. అయితే ఇటువంటి క్రీడలను ఎవరి తోడూ లేకుండా ప్రజలకు అందించినపుడు చివరివరకు ఆడేవారు తక్కువగా ఉంటారని తరువాతి అనుభవం చెబుతున్నది. ఈ రెండు విషయాలనూ కలిపి చూసినపుడే ఈ క్రీడ విలువ, పరిమితి సరిగా అర్థమవుతాయి.

పేరు

స్పార్క్స్ అనే పేరు కొన్ని ఆంగ్ల పదాల తొలి అక్షరాల కూర్పు. తెలివైనవి, సానుకూలమైనవి, చురుకైనవి, వాస్తవానికి దగ్గరగా ఉన్నవి, ఏదో ఒక ప్రత్యేకత కలిగినవి అయిన ఆలోచనలు అని దాని భావం. ఆంగ్లంలో ఈ మాట చెవికి నిప్పురవ్వలు అనే అర్థమిచ్చే పదంవలె వినిపిస్తుంది.

క్రీడలోని ప్రతినాయక పాత్రలకు పెట్టిన పేరు కూడా ఇటువంటిదే. అవి 'నాట్‌లు'. దిగులు నిండిన, ప్రతికూలమైన, తమంతట తామే పుట్టుకొచ్చే ఆలోచనలు అని దీని విస్తరణ. ఆంగ్లంలో ఈ పదానికి నుసుమ అని అర్థం. కంటి ముందు ముసురుకొని ఎంత తోలినా పోని నుసుములు మనిషిని ఎలా చికాకు పరుస్తాయో, ఈ ఆలోచనలు మనస్సును అలాగే చికాకు పరుస్తాయన్నది ఇందులోని పోలిక.

నేపథ్యం

సీరియస్ గేమ్స్

ఆట ద్వారా బోధించడం కొత్త సంగతి కాదు. తెలుగువారి ఇళ్ళలో ఆడే వైకుంఠపాళి, అనగా పరమపద సోపాన పటం, పుణ్యానికి నిచ్చెననూ పాపానికి పామునూ చూపి పిల్లలకు నీతి బోధించిన ఆటయే. ఆధునిక కాలంలో 'సీరియస్ గేమ్స్' అనే మాటకు ప్రాచుర్యం కల్పించినవాడు అమెరికాకు చెందిన క్లార్క్ ఆబ్ట్. 1970లో ఆయన ఇదే పేరుతో ఒక పుస్తకం ప్రచురించాడు. 2002లో వాషింగ్టన్‌లోని ఉడ్రో విల్సన్ కేంద్రం ఆధ్వర్యంలో సీరియస్ గేమ్స్ పేరిట ఒక కార్యక్రమం మొదలైంది. ఆ తరువాత విద్య, వైద్యం, రక్షణ, పరిపాలన వంటి రంగాలలో ఈ క్రీడల తయారీ విస్తరించింది.

సంజ్ఞానాత్మక ప్రవర్తనా చికిత్స

స్పార్క్స్‌కు ఆధారమైన చికిత్సా పద్ధతి సంజ్ఞానాత్మక ప్రవర్తనా చికిత్స. అమెరికన్ మానసిక వైద్యుడు ఆరన్ బెక్ (1921 - 2021) 1960వ దశకంలో ఈ పద్ధతికి పునాదులు వేశాడు. ఒక సంఘటన మనిషిని ఎంత బాధిస్తుందన్నది ఆ సంఘటన మీదనే కాక, దానికి అతడు చెప్పుకొనే అర్థం మీద కూడా ఆధారపడి ఉంటుందన్నది ఇందులోని మూల సూత్రం. ఉదాహరణకు, తోటి విద్యార్థి పలకరించకుండా వెళ్ళిపోయాడనుకొందాం. "వాడికి నేనంటే గిట్టదు" అని ఒకరు అనుకొంటారు. "ఏదో తొందరలో ఉన్నాడు కాబోలు" అని మరొకరు అనుకొంటారు. సంఘటన ఒక్కటే అయినా మొదటి వ్యక్తి రోజంతా కుమిలిపోతాడు, రెండవ వ్యక్తి మరచిపోతాడు.

ఆలోచన, భావన, ప్రవర్తన ఒకదానినొకటి లాగుతూ ఉంటాయి. దిగులు కలిగినవారు నలుగురిలోకి రావడం మానుకొంటారు. మానుకొన్నకొద్దీ దిగులు పెరుగుతుంది. ఈ గొలుసును ఎక్కడో ఒకచోట తెంచడం ఈ చికిత్స లక్ష్యం. నిర్దిష్టమైన మెట్లు, అభ్యాసాలు, ఇంటి పని ఉండటం వలన దీనిని కంప్యూటర్ ద్వారా నేర్పడం సాధ్యమైంది.

న్యూజీలాండ్‌లో అవసరం

యువతలో ఆత్మహత్యల రేటు అధికంగా ఉన్న అభివృద్ధి చెందిన దేశాలలో న్యూజీలాండ్ ఒకటి. కుంగుబాటుకు లోనయ్యే కౌమార వయస్కులలో పెక్కుమందికి చికిత్స అందదు. నిపుణుల కొరత, దూరం, ఖర్చు ఇందుకు కొన్ని కారణాలు. తన బాధను పెద్దలకు చెప్పుకోవడానికి సంకోచించడం మరొక పెద్ద కారణం. గదిలో ఒంటరిగా, ఎవరికీ తెలియకుండా మొదలుపెట్టగల సాధనమైతే ఆ సంకోచం కొంత తగ్గుతుందని రూపకర్తలు భావించారు.

రూపకల్పన

క్రీడలోని చికిత్సా భాగాన్ని ఆక్లాండ్ విశ్వవిద్యాలయ బృందం సిద్ధం చేయగా, క్రీడను మెటియా ఇంటరాక్టివ్ అనే సంస్థ నిర్మించింది. ఈ సంస్థ స్థాపకురాలు మారూ నిహోనిహో మావోరీ తెగకు చెందిన మహిళ. న్యూజీలాండ్ మూలవాసులైన మావోరీల సంస్కృతికి క్రీడలోని దృశ్యాలలో, పాత్రల రూపకల్పనలో చోటు కల్పించారు. తమవంటి ముఖాలు, తమకు తెలిసిన ఆకృతులు తెరమీద కనిపించినపుడు పిల్లలు ఆ క్రీడను తమదిగా భావిస్తారన్నది ఇందులోని ఉద్దేశం.

క్రీడ నడక

ఆడేవారు మొదట తమకు నచ్చిన రూపంలో ఒక పాత్రను ఎన్నుకొంటారు. నాట్‌ల వలన సమతూకం చెడిపోయిన ఒక కల్పిత లోకాన్ని ఆ పాత్ర తిరిగి చక్కదిద్దాలి. ప్రతి ఘట్టానికి ముందు, తరువాత 'మార్గదర్శి' అనే పాత్ర ఆటగాడితో నేరుగా మాట్లాడుతుంది. అతడి మనఃస్థితిని అడిగి తెలుసుకొంటుంది. ఆటలో చేసిన పనికి, నిజ జీవితానికి గల సంబంధాన్ని వివరిస్తుంది. చివరకు ఇంటివద్ద ప్రయత్నించవలసిన ఒక పనిని అప్పగిస్తుంది. ఆట కేవలం ఆటగా మిగిలిపోకుండా ఈ పాత్ర కాపాడుతుంది.

క్రీడలో ఏడు సీమలు ఉన్నాయి. ఒక్కొక్క సీమలో ఒక్కొక్క పాఠం ఉంటుంది.

1. గుహల సీమ: ఆశను కనుగొనడం. కుంగుబాటు అంటే ఏమిటో, దాని నుండి బయటపడటం సాధ్యమేనని తెలుసుకోవడం. శ్వాసను అదుపు చేసి మనస్సును నెమ్మది పరచడం.
2. మంచు సీమ: చురుకుగా ఉండటం. ఆసక్తి లేకపోయినా చిన్న చిన్న పనులు మొదలుపెట్టడం. కండరాలను సడలించే అభ్యాసం.
3. అగ్నిపర్వత సీమ: కోపం, మనస్తాపం వంటి బలమైన ఉద్వేగాలను సంబాళించుకోవడం. ఎదుటివారి మాట వినడం, తన మాట నిదానంగా, గట్టిగా చెప్పడం.
4. పర్వత సీమ: సమస్యను ముక్కలుగా విడదీసి, మార్గాలు ఆలోచించి, ఒకదానిని ఎన్నుకోవడం.
5. చిత్తడి సీమ: హాని చేసే ఆలోచనలను గుర్తుపట్టడం.
6. వంతెనల సీమ: ఆ ఆలోచనలను ప్రశ్నించి, వాటి స్థానంలో వాస్తవానికి దగ్గరైన ఆలోచనను నిలపడం.
7. లోయ సీమ: నేర్చినవాటిని సమన్వయం చేసుకోవడం. బాధను కొంతసేపు ఓర్చుకోవడం, ఎప్పుడు ఇతరుల సహాయం కోరాలో తెలుసుకోవడం.

వీటిలో అయిదవ, ఆరవ సీమలు చికిత్సకు గుండెకాయ వంటివి. హాని చేసే ఆలోచనలలో కొన్ని రకాలు తరచుగా కనిపిస్తాయి. ఒక పరీక్ష తప్పగానే "ఇక నా బ్రతుకు ఇంతే" అనుకోవడం చిన్న దెబ్బను మహాప్రళయంగా చూడటం. తొంభై అయిదు మార్కులు వచ్చినా పోయిన అయిదింటి కోసం తనను తాను నిందించుకోవడం పరిపూర్ణత కోసం పాకులాట. అడగకుండానే ఎదుటివారి మనస్సులో ఏముందో తనకు తెలుసుననుకోవడం మరొకటి. ఇటువంటి ఆలోచనకు ఒక పేరు పెట్టగలిగితే దానిని కొంత దూరంగా నిలబెట్టి చూడగలుగుతాము. లోపలి ఆలోచనను బయట ఎగిరే ఒక ప్రాణిగా చూపడం ద్వారా క్రీడ ఈ పనిని సులభం చేస్తుంది. పుస్తకంలో చదివి తెలుసుకోవడానికి, తెరమీద దానిని పట్టుకొని మార్చడానికి ఉన్న తేడా ఇదే.

పరిశోధన ఫలితాలు

2012 నాటి పరీక్ష

న్యూజీలాండ్‌లోని 24 కేంద్రాలలో జరిగిన ఈ పరీక్షలో 12 నుండి 19 సంవత్సరాల వయస్సు గల 187 మంది పాల్గొన్నారు. యువజన వైద్యశాలలు, కుటుంబ వైద్యుల కేంద్రాలు, పాఠశాల సలహా కేంద్రాలలో కుంగుబాటు లక్షణాలతో సహాయం కోరినవారు వీరు. ఆత్మహత్యకు పాల్పడే ప్రమాదం ఎక్కువగా ఉన్నవారిని, తీవ్రమైన కుంగుబాటు గలవారిని పరీక్షలో చేర్చుకోలేదు. వారికి తక్షణం నిపుణుల చికిత్స అవసరం గనుక ఇది తగిన జాగ్రత్త.

పాల్గొన్నవారిని చీట్లు వేసినట్లుగా రెండు జట్లుగా విభజించారు. 94 మందికి స్పార్క్స్ ఇచ్చారు. 93 మందికి మామూలుగా లభించే సహాయం, అనగా చాలావరకు సలహాదారులు, మనస్తత్వ నిపుణులు ముఖాముఖిగా ఇచ్చే సలహా అందింది. స్పార్క్స్ జట్టువారు 4 నుండి 7 వారాలలో ఏడు ఘట్టాలు పూర్తి చేయాలి.

కుంగుబాటును కొలిచే మాపకం మీద స్పార్క్స్ జట్టులో సగటున 10.32 పాయింట్ల తగ్గుదల కనిపించగా, రెండవ జట్టులో 7.59 పాయింట్ల తగ్గుదల కనిపించింది. కుంగుబాటు నుండి బయటపడినవారు స్పార్క్స్ జట్టులో 43.7 శాతం, రెండవ జట్టులో 26.4 శాతం. మూడు నెలల తరువాత కూడా మెరుగుదల నిలిచింది. స్పార్క్స్ జట్టులో 86 శాతం మంది కనీసం నాలుగు ఘట్టాలు, 60 శాతం మంది మొత్తం ఏడు ఘట్టాలు పూర్తి చేశారు.

ఈ పరీక్ష ఉద్దేశం క్రీడ సలహాదారు కంటె మిన్న అని నిరూపించడం కాదు, తీసిపోదని చూపడం. ఈ తేడాను గమనించకుండా "వైద్యునికి బదులు వీడియో గేమ్" అని చెప్పుకోవడం సరికాదు.

తరువాతి పరీక్షలు

ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో పది ఉన్నత పాఠశాలలలో చివరి సంవత్సరం చదువుతున్న 540 మందితో జరిగిన పరీక్ష ఫలితాలు 2017లో వెలువడ్డాయి. చివరి పరీక్షల ఒత్తిడి రాకముందే నివారణగా స్పార్క్స్ సవరించిన రూపాన్ని ఇచ్చి చూడటం దీని విశేషం. ఆరోగ్యకరమైన జీవనశైలి గురించిన మరొక కార్యక్రమం పొందినవారితో పోల్చితే వీరిలో కుంగుబాటు లక్షణాలు కార్యక్రమం ముగియగానే, ఆరు నెలల తరువాత కూడా తక్కువగా ఉన్నాయి. 18 నెలలు గడిచేసరికి ఆ తేడా నిలువలేదు.

నెదర్లాండ్స్‌లో స్వల్ప కుంగుబాటు లక్షణాలు గల 208 మంది బాలికలతో జరిగిన పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. వారిని నాలుగు జట్లుగా విభజించారు. ఒక జట్టుకు పాఠశాల కార్యక్రమం, ఒక జట్టుకు స్పార్క్స్, మరొక జట్టుకు రెండూ ఇచ్చి, చివరి జట్టును పరిశీలనలో మాత్రమే ఉంచారు. నాలుగు జట్లలోనూ లక్షణాలు తగ్గాయి. జట్ల మధ్య తేడా కనిపించలేదు. కాలం గడవడం, ఎవరో ఒకరు క్రమం తప్పకుండా "ఎలా ఉన్నావు" అని అడగడం కూడా మేలు చేయవచ్చునని ఇటువంటి ఫలితాలు గుర్తుచేస్తాయి. పోల్చి చూసే జట్టు లేని పరీక్షల ఫలితాలను నమ్మరాదనడానికి కారణం ఇదే.

దేశవ్యాప్త వినియోగం

2012లో న్యూజీలాండ్ ప్రధానమంత్రి పేరిట యువజన మానసిక ఆరోగ్య పథకం ప్రకటించబడింది. అందులో భాగంగా 2014లో స్పార్క్స్‌ను ఆ దేశ ప్రజలందరికీ అంతర్జాలం ద్వారా ఉచితంగా అందుబాటులోకి తెచ్చారు. స్వలింగాభిలాష గల యువత కోసం ఒక రూపం, కెనడాలోని నునావుత్ ప్రాంతపు ఇన్యూయిట్ యువత కోసం మరొక రూపం కూడా వచ్చాయి.

అయితే పరీక్షలో కనిపించిన పట్టుదల బయట కనిపించలేదు. పేరు నమోదు చేసుకొన్నవారిలో చాలామంది తొలి ఘట్టాల వద్దనే ఆగిపోయారు. ఇది స్పార్క్స్‌కు మాత్రమే పరిమితమైన సమస్య కాదు. స్పార్క్స్ రూపకర్తలలో ఒకరైన థెరిసా ఫ్లెమింగ్, ఆమె సహచరులు 2018లో ఒక సమీక్ష ప్రచురించారు. కుంగుబాటు, ఆందోళనలకు ఉద్దేశించిన స్వయంసహాయ కార్యక్రమాలను పరీక్షల వెలుపల ప్రజలు ఎలా వాడుతున్నారో అందులో పరిశీలించారు. చివరివరకు కొనసాగినవారు కార్యక్రమాన్ని బట్టి 0.5 శాతం నుండి 28.6 శాతం వరకు మాత్రమే ఉన్నారు.

కారణం ఊహించడం కష్టం కాదు. ఉత్సాహం సన్నగిల్లడం కుంగుబాటు లక్షణాలలోనే ఒకటి. పరీక్షలో ఉన్నపుడు ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, గుర్తుచేస్తారు, తిరిగి కలుస్తారు. ఇంట్లో ఒంటరిగా ఉన్నపుడు ఆ తోడు ఉండదు. మందు ఎంత మంచిదైనా రోజూ వేసుకొన్నావా అని అడిగేవారు ఉంటేనే పూర్తి చేయగలిగే రోగులు ఉంటారు కదా.

ఈ కోవకు చెందిన ఇతర క్రీడలు

* రీ-మిషన్: కేన్సర్ సోకిన యువత కోసం అమెరికాకు చెందిన హోప్‌ల్యాబ్ సంస్థ 2006లో విడుదల చేసింది. శరీరంలో ప్రవేశించి కేన్సర్ కణాలతో పోరాడే పాత్ర ఇందులో నాయిక. 34 వైద్య కేంద్రాలలో 375 మందితో జరిగిన పరీక్ష ఫలితాలు 2008లో వెలువడ్డాయి. ఈ క్రీడ ఆడినవారు మందులను మరింత క్రమంగా వాడారని, తమ మీద తమకు నమ్మకం పెరిగిందని తేలింది.
* టెట్రిస్: 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ తయారుచేసిన ఈ క్రీడ చికిత్స కోసం పుట్టినది కాదు. రోడ్డు ప్రమాదానికి గురై ఆక్స్‌ఫర్డ్‌లోని ఆసుపత్రి అత్యవసర విభాగానికి వచ్చిన 71 మందితో జరిగిన పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. ప్రమాదం జరిగిన ఆరు గంటలలోపు ఘటనను ఒకసారి తలచుకొని ఆపై టెట్రిస్ ఆడినవారికి మొదటి వారంలో ప్రమాద దృశ్యాలు బలవంతంగా గుర్తుకు రావడం 62 శాతం తక్కువగా ఉంది. ఆకారాలను త్రిప్పి అమర్చే పనిలో మనస్సులోని దృశ్య విభాగం నిమగ్నమై, భయంకర దృశ్యం గాఢంగా ముద్రపడకుండా అడ్డుపడుతుందని పరిశోధకుల వివరణ.
* మైండ్‌లైట్: ఆందోళన గల బాలల కోసం నెదర్లాండ్స్‌లో రూపొందినది. బాలుడు మనస్సును నెమ్మది పరచుకొంటే తలకు తొడిగిన పరికరం దానిని గుర్తించి తెరమీద చీకటిని తొలగిస్తుంది. 2016లో ప్రచురితమైన పరీక్షలో దీనిని ఒక మామూలు వినోద క్రీడతో పోల్చగా, రెండు జట్లలోనూ ఆందోళన ఒకే రీతిగా తగ్గింది.
* ఎండెవర్-ఆర్ఎక్స్: అవధాన లోపం గల 8 నుండి 12 సంవత్సరాల పిల్లల కోసం వైద్యుని చీటీ మీద ఇచ్చేందుకు అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2020 జూన్‌లో అనుమతించింది. ఆ సంస్థ ఒక వీడియో క్రీడను చికిత్సా సాధనంగా అనుమతించడం అదే మొదటిసారి.

పరిమితులు, విమర్శలు

ఈ క్రీడలు స్వల్ప, మధ్యమ స్థాయి ఇబ్బందులకు ఉద్దేశించినవి. తీవ్రమైన కుంగుబాటు, ఆత్మహత్యా తలంపులు ఉన్నవారికి నేరుగా మనిషి సహాయం కావాలి. క్రీడను చేతికిచ్చి సమస్య తీరిందనుకోవడం ప్రమాదకరం.

ఆడటమే అలవాటుగా మారి జీవితాన్ని దెబ్బతీసే స్థితి కూడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పులో దీనిని 'గేమింగ్ రుగ్మత'గా చేర్చింది. ఈ కూర్పు 2022 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. ఇందుకు భిన్నంగా స్పార్క్స్‌కు ఏడు ఘట్టాల తరువాత ముగింపు ఉంది. ఆటగాడిని తెర ముందు కట్టిపడేయడం కాక, తెర వదలి బయటి పనులలోకి పంపడం దాని లక్ష్యం. మంచి చికిత్సా క్రీడను గుర్తించడానికి ఇది ఒక గీటురాయి.

వ్యక్తిగత వివరాల గోప్యత మరొక ముఖ్య విషయం. మానసిక స్థితి గురించి ఆటగాడు ఇచ్చే సమాధానాలు ఎవరి చేతికి చేరుతాయో తెలుసుకొన్న తరువాతనే ఇటువంటి సాధనాలను వాడాలి. భారతదేశంలో 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ళలోపు వారి సమాచారం విషయంలో తల్లిదండ్రుల సమ్మతిని కోరుతున్నది.

భారతదేశంలో, తెలుగునాట

బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, చికిత్స అవసరమైనా అందనివారు రుగ్మతను బట్టి 70 నుండి 92 శాతం వరకు ఉన్నారు. న్యూజీలాండ్‌ను ఈ మార్గం పట్టించిన కొరత మన దేశంలో ఇంకా పెద్దది.

గోవాలోని సంగత్ సంస్థ పాఠశాల విద్యార్థుల కోసం పాడ్ అడ్వెంచర్స్ అనే స్మార్ట్‌ఫోన్ క్రీడను రూపొందించింది. సమస్యను గుర్తించడం, మార్గాలు వెదకడం, ఎన్నుకొన్న మార్గాన్ని ఆచరించడం అనే మూడు మెట్లను ఇది నేర్పుతుంది. స్వల్ప శిక్షణ పొందిన సలహాదారు పక్కన ఉండి ఆడించడం దీని ప్రత్యేకత. స్పార్క్స్ వినియోగంలో కనిపించిన లోపానికి ఇది ఒక సమాధానంగా చెప్పవచ్చును.

ఆంధ్రప్రదేశ్‌లో అప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ చేపట్టిన 'స్మార్ట్ మెంటల్ హెల్త్' క్రీడ కాకపోయినా ఇదే ఆలోచనకు చెందిన పథకం. ఇందులో ఆశా కార్యకర్తలు టాబ్లెట్ కంప్యూటర్ చేతబట్టి ఇంటింటికీ వెళ్ళి ప్రశ్నలు అడిగేవారు. కుంగుబాటు, ఆందోళన లక్షణాలు కనిపించినవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపేవారు. చికిత్స నిర్ణయంలో అక్కడి వైద్యునికి కూడా ఆ సాంకేతికత తోడ్పడేది. మానసిక వ్యాధి పట్ల చిన్నచూపు పోగొట్టడానికి నాటక ప్రదర్శన కూడా ఏర్పాటు చేశారు. గిరిజన గ్రామాలలో లక్షణాలు గుర్తించబడినవారిలో వైద్య సేవలు పొందినవారి శాతం 0.8 నుండి 12.6కు పెరిగిందని 2017లో ప్రచురితమైన ఫలితాలు తెలిపాయి. తరువాత ఆంధ్రప్రదేశ్, హర్యానాలలోని 44 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో జరిగిన పెద్ద పరీక్షలో కూడా కుంగుబాటు తగ్గినట్లు 2024లో వెల్లడైంది.

గోదావరి గ్రామాలలో టాబ్లెట్ ఒక్కటే పనిచేయలేదు. దానిని పట్టుకొని గుమ్మం ముందు నిలబడిన, ఊరివారికి తెలిసిన మనిషి పనిచేసింది. పాఠశాలలు, కళాశాలలు, వసతి గృహాలలో ఇటువంటి క్రీడలను ప్రవేశపెట్టేవారు గమనించవలసిన విషయం ఇది. పాఠాన్ని క్రీడ నేర్పగలదు. చివరి ఘట్టం వరకు నడిపించేందుకు ఒక ఉపాధ్యాయుడో, స్నేహితుడో, తల్లో తండ్రో ఉండాలి.

భారత ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ సేవ ద్వారా 14416 సంఖ్యకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో కూడా మానసిక ఆరోగ్య సలహా పొందవచ్చును.

ఇవి కూడా చూడండి

* కుంగుబాటు
* ఆరన్ బెక్
* మనస్తత్వ శాస్త్రం
* పరమపద సోపాన పటం
* నిమ్హాన్స్
* మావోరీలు